పిలవని పేరంటానికి ఏడుగురు

పిలవని పేరంటానికి వెళ్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు. మెడలో విజిలు, చంకలో ముగ్గుపిండి సంచి, వెనకాల ఒక కబడ్డీ జట్టు, ఇంత సరంజామాతో వెళ్లేవాడు మాత్రం ఉద్దానం మొత్తానికి ఒక్కడే. ఆయన మా బడి డ్రిల్లు మాస్టారు మన్మథరావు.

పేరు విని ఏదేదో ఊహించుకోకండి. పొట్టి మనిషి, బట్టతల, ఎండకి మాడిపోయిన ఒళ్లు. ఆ పేరు పెట్టిన రోజున వాళ్ల నాన్న మరీ ఎక్కువ ఆశపడి ఉంటాడు. నేను అదే బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా అమ్మాయి ప్రవల్లిక ఆయన జట్టుకి కెప్టెను. కాబట్టి ఆయనతో నేను పడిన తిప్పలు తోటి మాస్టరుగా కొన్ని, ఆడపిల్ల తండ్రిగా కొన్ని. మొత్తం మీద ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ.

ఆయన సిద్ధాంతం వినడానికి చాలా సులువు. సాయంకాలం ఆట మానకూడదు. ఊళ్లో పేరంటమూ మానకూడదు. రెండూ ఒకే రోజు వస్తే పేరంటం కదలదు కాబట్టి ఆటే కదలాలి. జట్టులో ఒక్క పిల్లకి పిలుపొచ్చినా ఏడుగురూ బయల్దేరతారు. ఆ ఇంటి ముందే ముగ్గుపిండితో కోర్టు గీసుకుని ఆడతారు. ఆడాక కాళ్లు చేతులు కడుక్కుని, ఏడు ఆకులు పక్కపక్కన వేయించుకుని భోంచేస్తారు. అదనపు ఆటగత్తెలు లేరు. ఆడపిల్లని నిక్కరేసి కబడ్డీకి పంపడానికి ఒప్పుకున్న ఇళ్లు మా చుట్టుపక్కల ఏడే దొరికాయి.

ఇదంతా ఎలా మొదలైందంటే, కొబ్బరికాయల వ్యాపారి వరహాలు కూతురు ఇందు పుట్టినరోజుతో. తొంభై ఎనిమిదో తొమ్మిదో అనుకుంటాను. పలాసలో కొత్తగా బేకరీ పెట్టిన రోజులు. వరహాలు అక్కణ్ణుంచి కేకు తెప్పిస్తున్నాడని బడంతా గుప్పుమంది. ఆ సాయంత్రం బడి వెనక జీడితోటలో, ఇసకలో గీసిన కోర్టులోకి నూకమ్మ ఒక్కర్తే వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె పిల్ల, తెప్ప మీద వేటకెళ్లే తవిటయ్య కూతురు. జట్టులో కూతకెళ్తే పట్టడానికి దొరకని పిల్ల అదొక్కతే. మాస్టారు ఒక పక్కన, ఆ పిల్ల ఒక పక్కన, పొద్దుగూకేదాకా ఆడారట.

మర్నాడు ప్రార్థన కాగానే మాస్టారు ముందుకొచ్చారు.

"ఆటంటే ఏటో తెలిసిన పిల్ల ఈ బడిలో ఒక్కతే ఉందండి. నిన్న కేకు మానుకుని మరీ వచ్చింది. ఒలే నూకమ్మా, ఇలా ముందుకి రా."

మిగతా ఆరుగురూ తలలు దించుకున్నారు. నూకమ్మ కూడా దించుకుంది. మెచ్చుకుంటే సిగ్గుపడుతోంది పాపం అనుకున్నాం. అక్కడితో ఆగకుండా మాస్టారు ఆ మధ్యాహ్నమే వరహాలు కొట్టుకి వెళ్లారు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఇకమీదట మీ ఇంట్లో ఏ కార్యం జరిగినా నాకు ముందు చెప్పాలండి."

"ఎందుకు మాస్టారూ?"

"జట్టు వస్తుంది."

"మా ఇందు మా ఇంటి కాడే ఉంటాది కదండీ."

"ఇందు ఉంటాది. మిగతా ఆరుగురూ ఎక్కడుంటారు?"

"ఆళ్లిళ్లల్లో ఉంటారు."

"మరి ప్రాక్టీసు?"

వరహాలు కాయల బేరంలో మునిగి ఉండి సరేనన్నాడు. దేనికి సరేనన్నాడో వాళ్ల పెద్దమ్మాయి నిశ్చితార్థం నాడు తెలిసింది.

ఆ రోజు మగపెళ్లివారు సోంపేట నుంచి జీపుల్లో వచ్చారు. వరహాలు ఇంటి ముందు అప్పటికే కోర్టు గీసి ఉంది. దిగిన ఆడవాళ్లు దాన్ని ముగ్గనుకుని, తొక్కకుండా చీరకుచ్చెళ్లు పట్టుకుని అంచుల వెంట నడిచారు. పెళ్లికొడుకు తల్లి ఆగి మెచ్చుకుంది కూడా.

"ఎంత తిన్నగా గీసినారమ్మా. సుక్కలెయ్యడం మరిసిపోనారేటి?"

"దీనికి చుక్కలుండవండి. బోనసు లైను ఉంటాది," అన్నారు మాస్టారు.

బోనసు అంటే ఏదో శుభమే అనుకున్నారు. మా ఊరి ముత్తైదువులు పెళ్లికొడుకుని తీసుకొచ్చి, ముగ్గు మధ్యలో నిలబెట్టడం మర్యాద కదాని సరిగ్గా నడిమి గీత మీద నిలబెట్టి హారతి పట్టారు. అటు నుంచి నూకమ్మ కూత పెట్టుకుంటూ వచ్చింది. హారతి పళ్లెం కింద నుంచి దూరి అవతలి పిల్లని తాకి వెళ్లిపోయింది. పెళ్లికొడుకు చిన్నాన్నకి కుర్రతనంలో చెడుగుడు పిచ్చి ఉండేదట. ఆయన ఉండబట్టలేక పంచె ఎగ్గట్టి కూతకి దిగాడు. మా ప్రవల్లిక వెనకనుంచి నడుం పట్టింది, ఇందు కాళ్లు పట్టింది, తక్కినవాళ్లు పైన పడ్డారు.

"వదలకండి, లైను అందుతాది," అని మాస్టారు అరుస్తున్నారు.

ఆ సాయంత్రం వరహాలు నా దగ్గర కూర్చుని మొర పెట్టుకున్నాడు. "కాబోయే వియ్యంకుడి తమ్ముణ్ణి మా గుమ్మంలోనే నేలకేసి కొట్టీసినారండి."

మాస్టారు పక్కనుంచి అందుకున్నారు. "కొట్టలేదండి, పట్టేరు. లైను దాటలేకపోయేరు ఆయన."

విచిత్రమేమిటంటే ఆ చిన్నాన్నే పట్టుబట్టి సంబంధం ఖాయం చేయించాడు. ఇంత గట్టి పిల్లలున్న ఊరి సంబంధం వదులుకోకూడదన్నాడట.

ఆ తరవాత ఇక అడ్డులేకపోయింది. బారసాలలో మాస్టారు పసిపిల్లాణ్ణి ఒక భుజాన వేసుకుని రెండో చేత్తో విజిలు ఊదేవారు. పిల్లాడు ఏడిస్తే విజిలు ఆపేవారు కాదు, ఇంకొంచెం మెల్లగా ఊదేవారు. గృహప్రవేశాలకి ఆవు కంటే ముందు జట్టు దిగేది. ముగ్గుపిండి అయిపోతే ఇంటావిడ దగ్గరే అప్పు పుచ్చుకునేవారు. తిరిగి ఇచ్చిన దాఖలా లేదు. ఊళ్లో వంటవాళ్లు కూడా అలవాటుపడిపోయారు. "మాస్టారి జట్టు బియ్యం కలిపి ఎసట్లో పొయ్యమంటారా?" అని ముందే అడిగేవారు.

ఇన్ని విందులకి వెళ్లిన మనిషి ఒక్కచోటా మెతుకు ముట్టలేదు. పిల్లల ఆకుల వెనకాల నిలబడి, ఎవరికి పప్పు తగ్గిందో, ఎవరు బూరెలు దాచుకుంటున్నారో చూసుకునేవారు. తినమంటే ఒకటే జవాబు.

"నన్నెవరు పిలిచారండి? పిలిచింది జట్టుని."

కడుపులో పుండని కొందరూ, మొక్కని కొందరూ అనుకున్నారు. వాళ్లావిడ మాత్రం ఆయనతో ఫంక్షన్లకి వెళ్లడమే మానేసింది. ఎక్కడికెళ్లినా మంగళవాయిద్యాల కంటే మా ఆయన విజిలే ముందు వినిపిస్తోంది, తల ఎక్కడ పెట్టుకోనండీ అని మా సరోజినితో చెప్పుకుందట.

సరోజిని నా భార్య. ఆవిడ వంతూ వచ్చింది. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదంటారు. మా ఇంట్లో కళ్యాణమూ, జిల్లా ఫైనల్సూ ఒకే రోజు వచ్చాయి. మా మరదలి పెళ్లి. మా వైపు పెళ్లి మగపెళ్లివారింట్లోనే చేస్తారు కాబట్టి అందరం బస్సు కట్టించుకుని టెక్కలి వెళ్లాలి. ఫైనల్సూ టెక్కలిలోనే, ఆ పొద్దుటే.

"సొంత పిన్ని పెళ్లా, సెడుగుడా?" అని సరోజిని నిలదీసింది.

మా అత్తగారి పేరు పెద్దతల్లి. ఆవిడ ఇంకో మాట లేకుండా తేల్చేసింది. "తోడుపెళ్లికూతురుగా ప్రవల్లికే కూకోవాల. ఆటలేటి, ఎప్పుడైనా ఆడుకోవచ్చు."

ప్రవల్లిక అన్నం మానేసి గదిలో కూర్చుంది. "నేను ఎల్లకపోతే జట్టే నేదు అమ్మమ్మా, ఆరుగురిని ఆడనివ్వరు," అని తలుపు వెనకనుంచి ఒకటే రాగం. నేను ఎటూ మాట్లాడలేక అల్జీబ్రా పేపర్లు దిద్దుకుంటున్నాను. సమస్య ఇరువైపులా సమానంగా ఉన్నప్పుడు లెక్కల మాస్టరు అంతకంటే చెయ్యగలిగింది లేదు.

సాయంత్రానికి మన్మథరావు మాస్టారు సైకిలు దిగారు. సంగతి విని నవ్వేశారు.

"పెళ్లెక్కడండి? టెక్కలి. ఆటెక్కడ? టెక్కలి. గ్రౌండు రోడ్డు పక్కనే ఉంది. పెళ్లిబస్సు ఒక్క ఆటసేపు అక్కడ ఆపండి. ఏడుగురమూ అందులోనే వచ్చేస్తాం, ఆడేస్తాం, అక్షింతలు వేసేస్తాం."

అత్తగారు వేళ్ల మీద సీట్లు లెక్కపెట్టింది. "సరే, బస్సాపుతాం. మీ గుంటల్ని కూడా ఎక్కించుకుంటాం. ఆరుగురికైతే ఎలగోలాగ సర్దుతాం గానీ, ఆ సముద్రం ఒడ్డు పిల్లకి సోటు నేదు బాబూ. అది సర్వీసు బస్సులో వచ్చి ఆడీసి, అందులోనే ఎలిపోతాది. పెళ్లిలో దానికేటి పని?"

మాస్టారి మొహంలో నవ్వు పోవడం నేను చూసింది ఆ రోజే.

"ఏడుగురమండి," అన్నారు.

"ఆట వరకూ ఏడుగురే. కాదన్నానేటి? ఆటయిపోయాక?"

"ఆటయిపోయాక కూడా ఏడుగురే అమ్మా."

"నానొప్పుకోకపోతే?"

"ఎవరమూ రామండి. ఆటకి కూడా రాం. మా జట్టు పేరు కొట్టీమని చెప్పీస్తాను."

జిల్లా కప్పు కోసం ఆ మనిషి ఎన్నేళ్లు ఇసకలో పొర్లాడో నాకు తెలుసు. ఇప్పుడు బస్సులో ఒక సీటు కోసం దాన్ని వదిలేస్తానంటున్నాడు. ఆటపిచ్చి ఉన్నవాడు చేసే పని కాదే ఇది అనిపించింది. ఆలోచిస్తుండగానే గది తలుపు తెరుచుకుంది.

"నూకమ్మ నేకపోతే నేను తోడుపెళ్లికూతురుగా కూకోను," అంది ప్రవల్లిక.

మనవరాలి ముందు మా అత్తగారి పట్టుదల ఎప్పుడూ నిలవలేదు. "సరే, అందరూ రండి. కింద కూకోవాల మరి," అని ఒప్పుకుంది.

పెళ్లిరోజు పొద్దున్నే బస్సు బయల్దేరింది. ఆరుగురు పిల్లలూ సీట్ల మధ్య ఇరుక్కున్నారు. నూకమ్మ ఎవరి కాలికీ అడ్డం రాకుండా, డోలు పక్కన, ఫుట్‌బోర్డు మెట్టు మీద ముడుచుకుని కూర్చుంది. సన్నాయి బైరాగి తన సామాన్లు దగ్గరకి జరుపుకున్నాడు. మాస్టారు దారి పొడుగునా ఆ మెట్టు దగ్గరే, ఊచ పట్టుకుని నిలబడ్డారు.

టెక్కలి గ్రౌండులో పెళ్లిబస్సు ఆగడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు. పట్టుచీరల ఆడవాళ్లు గీత చుట్టూ నిలబడ్డారు. పెళ్లికూతురు మట్టిలో దిగకూడదని కిటికీలోంచి చూసింది. ఆట మొదలైన కాసేపటికే మా అత్తగారికి చెడుగుడు పట్టుకుంది. అవతలి జట్టు పిల్ల ప్రవల్లిక జడ లాగిందని రిఫరీతో తగువు కూడా వేసుకుంది. చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఒక్క కూత మిగిలింది. మా తరఫున నూకమ్మ వెళ్లింది.

ఇక్కడే మా అత్తగారి ఉత్సాహం కట్టలు తెంచుకుంది. శుభకార్యం మొదలయ్యేటప్పుడు మేళం మోగాలి కదా.

"ఒరే బైరాగీ, మన గుంట ఎల్తన్నాది. వాయించరా."

బైరాగి సన్నాయి అందుకున్నాడు. డోలు కలిసింది. కబడ్డీలో కూత వినబడితేనే లెక్క. రిఫరీకి నూకమ్మ పెదాలు కదలడం కనిపిస్తోంది గాని, వినిపిస్తున్నది మాత్రం తాళికట్టు వాయిద్యం. ఆపమని ఆయన చెయ్యి ఊపాడు. ఆయనకి మేళం నచ్చిందనుకుని బైరాగి ఇంకా గట్టిగా ఊదాడు. నూకమ్మ ఇద్దర్ని తాకి గీత దగ్గరకి వచ్చేసింది. అప్పటికే రిఫరీ వేలెత్తేశాడు. కూత ఆగిపోయింది, అవుటు. ఒక్క పాయింటుతో కప్పు పోయింది.

సన్నాయి ఆగింది. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరం మాస్టారి వైపు భయంగా చూశాం. ఆయన నడిచి వచ్చి, నూకమ్మ నెత్తి మీద మట్టి దులిపి, మా అత్తగారి వైపు తిరిగారు.

"మేళం చాలా బాగుందమ్మా. మీ బైరాగిది గట్టి ఊపిరి. మా పిల్లలకి వారంలో ఒక రోజు పంపండి, కూత నేర్పిస్తాడు. పదండి పదండి, మొహాలు కడుక్కోండి, పెళ్లికి ఆలస్యమైపోతంది."

బస్సు కదిలింది. మా అత్తగారు ప్రవల్లికని దగ్గరకి లాక్కుంది.

"ఏమే, మీ మాస్టారికి కప్పు పోనాదని బాధ నేదేటి? అంత ఆటపిచ్చోడు కదా."

"మాస్టారి రూలు ఆట కోసం కాదు అమ్మమ్మా," అని ప్రవల్లిక గొంతు తగ్గించింది. "ఆ రోజు ఇందు పుట్టినరోజుకి మమ్మల్నందర్నీ పిలిచేరు. నూకమ్మని పిలవలేదు. అది కేకు మానుకుని రాలేదు. పిలవని కేకు ఎలగ మానుకుంటాది? మాస్టారే బడందరి ముందూ అలగ సెప్పేరు. అప్పట్నుంచీ ఒకర్ని పిలిస్తే ఏడుగుర్నీ పిలవాల. ప్రాక్టీసంటే ఎవరూ కాదనరు కదా."

"మీకెవరు సెప్పినారే?"

"ఎవరూ సెప్పలేదు. మాకు తెలుసు."

పిల్లలందరికీ తెలిసింది, చదువు చెప్పే మాకు తెలియలేదు. ఆ బట్టతల మనిషిని వెళ్లి గట్టిగా కావిలించుకోవాలనిపించింది నాకు. బస్సులో జనం మధ్య బాగుండదని ఊరుకున్నాను.

మా అత్తగారు లేచి, సీట్లు పట్టుకుంటూ ఫుట్‌బోర్డు దాకా వెళ్లింది.

"ఒలే నూకమ్మా, అక్కడేటి కూకున్నావు? రా, నా పక్కన సోటుంది."

"పరవానేదమ్మా."

"పరవానేదంటే కాదు. నీ కూత నానే పాడుసేసినాను. లేగు ముందు."

నూకమ్మ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "మేళం బాగుందమ్మమ్మా," అంది. ఆవిడ ఆ పిల్ల జడ విప్పి, మట్టి దులిపి, మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. పెళ్లి దగ్గర పెళ్లికూతురి పక్కన ఏడుగురు తోడుపెళ్లికూతుళ్లు కూర్చున్నారు. మోకాళ్లు దోక్కుపోయి ఒకరూ, పెదవి వాచి ఒకరూ. ఫోటోగ్రాఫరు వీళ్లలో పెళ్లికూతురెవరండీ అని రెండుసార్లు అడిగాడు. ఏడు ఆకులూ పక్కపక్కనే పడ్డాయి, మా అత్తగారే వడ్డించింది. మాస్టారు మామూలుగానే వెనకాల నిలబడి, ఎవరు బూరెలు దాచుకుంటున్నారో చూసుకున్నారు.

మరుసటి ఏడాది కప్పు వచ్చింది. బైరాగిని గ్రౌండు గేటు దగ్గరే ఆపేశాం.

ఆ వేసవి సెలవులకి ముందు నూకమ్మ అన్న యువరాజు పెళ్లి కుదిరింది. తవిటయ్య, ఆయన భార్య కుంకుమభరిణె పట్టుకుని ఊళ్లోకి వచ్చారు. జట్టులో మిగతా ఆరిళ్లకీ వెళ్లి, ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి పిలిచారు. మా అత్తగారికైతే రెండుసార్లు చెప్పారు. చివరికి బడికి వచ్చి, స్టాఫురూములో మన్మథరావు మాస్టారి ముందు నిలబడ్డారు. నూకమ్మ తల్లి భరిణె మూత తీసింది.

"మగాళ్లకి బొట్టెట్టి పిలిసే ఆనవాయితీ నేదు కదమ్మా," అని మాస్టారు వెనక్కి జరిగారు.

"మీరు ఆనవాయితీలు సూసినారేటి బాబూ," అని ఆవిడ ఆ నుదుటన ఇంత కుంకుమ పెట్టేసింది. "పెళ్లికి రావాల. జట్టుతో కాదు. మీరు రావాల."

మాస్టారు ఆ రోజు ఏ క్లాసుకీ వెళ్లలేదు. విజిలు చేత్తో పట్టుకుని, తప్పుచేసిన పిల్లాడల్లే కూర్చున్నారు. సాయంత్రం నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అడిగారు.

"పిలిస్తే ఎలా వెళ్తారండి? పొద్దున్నే వెళ్లాలా, భోజనాల వేళకా?"

పెళ్లినాటికి మేమంతా సముద్రం ఒడ్డుకి వెళ్లాం. ఆ పల్లెలో అడుగుపెట్టడం మా అత్తగారికి అదే మొదటిసారి. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎన్నాళ్లకో వాళ్లావిణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చారు. మెడలో విజిలు లేదు. చంకలో సంచి లేదు.

"ముగ్గుపిండేదీ మాస్టారూ?" అన్నాను.

"ఇవాళ ప్రాక్టీసు లేదండి."

"అదేమిటి, జట్టంతా ఇక్కడే ఉందిగా."

"అందర్నీ వాళ్లే పిలిచారు కదండీ. ఇంక ప్రాక్టీసెందుకు?"

పందిట్లో ఆకులు వేస్తున్నారు. నూకమ్మ వరస మొదట్లో నిలబడి, అచ్చం మాస్టారిలాగే నడుం మీద చెయ్యేసుకుని లెక్క చూసింది.

"ఏడేసినారేటి? ఇంకోటి ఎయ్యండి. మా మాస్టార్ని పిలిసినాం."

ఎనిమిదో ఆకు పడింది. ఆయన బుద్ధిగా వచ్చి కూర్చున్నారు. కడుపులో పుండూ లేదు, మొక్కూ లేదని కాసేపటిలోనే తేలిపోయింది. చేపల పులుసు మూడోసారి వడ్డించాక తవిటయ్య నా చెవిలో అన్నాడు.

"ఇన్నాళ్లూ ఈయన్ని ఎవులూ పిలవకపోడమే మంచిదయింది బాబూ. పిలిసుంటే ఊళ్లో ఒక్క పెళ్లికీ బియ్యం సాలేవి కాదు."